నోమ్ పెన్‌లో టూర్ డెస్క్ చూపించని కోర్టు

కంబోడియా రాజధాని నోమ్ పెన్ వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నాను, లాడ్జిలో రిసెప్షన్ పక్కనుండే టూర్ డెస్కులో ప్యాకేజీ కొనకండి. మనిషికి 25 డాలర్ల చొప్పున ముగ్గురికి 75 కట్టి మోసపోయాం. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

అంతకుముందు సియెం రీప్‌లో ఏ ఇబ్బందీ లేదు. అంకోర్ మూడు రోజుల పాసు 62 డాలర్లు, నోమ్ పెన్‌కి బస్సు 15 డాలర్లు. గుళ్లు తీరిగ్గా చూసి మా ఆవిడ హుషారుగా ఉంది. టెన్షనంతా ఇంటి దగ్గర అమ్మకే. మన విశాఖ కుర్రాళ్లు ఉద్యోగాలని కంబోడియా వెళ్లి సైబర్ మోసాల ముఠాలకు చిక్కారని 2024లో పేపర్లలో వచ్చినప్పటి నుంచి ఆ దేశం పేరెత్తితే ఆవిడకు భయం. పూటపూటా ఫోను.

నేను గుంటూరులో క్రిమినల్ కేసులు చూసే లాయర్ని. కంబోడియాని ఏలి లక్షల మందిని పొట్టనపెట్టుకున్న ఖ్మేర్ రూజ్ నాయకుల్ని విచారించిన కోర్టు ఎక్కడ నడిచింది, ఎలా నడిచింది అన్నది తెలుసుకోవాలనే నా ప్రయాణంలో సగం ఉద్దేశం. డెస్కు దగ్గరి కుర్రాడు ‘కోర్టు, జైలు మ్యూజియం, చంపినవాళ్లను పూడ్చిన చోయుంగ్ ఎక్ మూడూ చూపిస్తాం, ఎంట్రీ టికెట్లు కూడా కలిపే’ అని కాగితం మీద రాసిచ్చాడు.

పొద్దున్నే టుక్‌టుక్ ఎక్కాం. ఊరు దాటాక ఓ ప్రహరీ లోపలికి తీసుకెళ్లి ఆపాడు. లోపల్నుంచి తుపాకుల మోత. గోడ మీద లామినేట్ చేసిన ధరల పట్టీ, ఏ తుపాకీకి ఎన్ని తూటాలు, ఎన్ని డాలర్లు అని బొమ్మలతో సహా. పర్యాటకులు సరదాకి ఏకే-47 పేల్చే చోటట. కోర్టేదయ్యా అంటే ‘క్లోజ్డ్’ అన్నాడు డ్రైవరు. విచారణలు 2022లోనే ముగిశాయని లాడ్జివాళ్లకు తెలియదా? తెలిసే అమ్మారు.

మా తోడల్లుడు రిటైర్డ్ హెడ్మాస్టరు, నెమ్మదస్తుడు. ఆయన్ని అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు. ‘1975 నుంచి 79 దాకా పదిహేడు లక్షల మందిని పోగొట్టుకున్న దేశమిది. వాళ్లను పూడ్చిన గుంతలు చూడ్డానికి వచ్చినవాళ్లకి తుపాకీ సరదా అమ్ముతారా? నేను బండి దిగను గాక దిగను’ అని కూర్చున్నారు. డ్రైవరుకు అక్కడ కమిషన్ ఉన్నట్టుంది, అరగంట మొహం మాడ్చుకుని, ఆ తర్వాత తిరిగి లాడ్జికే తెచ్చి దింపాడు. డెస్కులో గంట వాదిస్తే చేతిలో పెట్టింది 20 డాలర్లు. మేనేజరు కంప్యూటర్ మీంచి తలెత్తి మావైపు చూడను కూడా లేదు.

మర్నాడు ఫోన్లో యాప్ ద్వారా బండి పిలిపించుకుని మేమే వెళ్లాం. జైలు మ్యూజియం టుయోల్ స్లెంగ్ టికెట్ 5 డాలర్లు, ఆడియో గైడ్ మరో 5. మేము ఆడియో వద్దనుకుని గేటు దగ్గర మనిషిని మాట్లాడుకున్నాం, ముగ్గురికీ కలిపి 10 డాలర్లు. మొత్తం యాత్రలో దీనికంటే సార్థకమైన ఖర్చు లేదు.

అదొకప్పుడు హైస్కూలు. తరగతి గదులకు అడ్డంగా ఇటుక గోడలు లేపి, మనిషి కాళ్లు చాపుకోలేనంత కొట్లుగా మార్చారు. కొన్ని గోడలకి నల్లబల్లలు ఇంకా అలాగే ఉన్నాయి. మా తోడల్లుడు ఓ బల్ల ముందు నిలబడి ఎంతకీ కదల్లేదు. ఇక్కడికి తెచ్చిన వేలమందిలో ప్రాణాలతో బయటపడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చుం మేయ్ టైపు మిషన్లు బాగుచేయగలడు కాబట్టి, బౌ మెంగ్ ఖ్మేర్ రూజ్ అధినేత పోల్ పాట్ బొమ్మ గీయగలడు కాబట్టి బతికారు. 2009లో ఇద్దరూ కోర్టుకెళ్లి, జైలు అధికారి డుచ్ ఎదురుగా సాక్ష్యం చెప్పారు.

మా గైడు నడివయసు ఆడమనిషి. పుర్రెల కథ ఎంత చెప్పిందో కోర్టు కథా అంత చెప్పింది. పల్లెల నుంచి జనాన్ని కోర్టువాళ్లే బస్సుల్లో తెచ్చేవారట, వాళ్ల నాయనమ్మ కూడా అలాగే వెళ్లి, అద్దానికి అవతల కూర్చున్న ముద్దాయిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూసి వచ్చిందట. ఆవిడ చెప్తుంటే మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

కంబోడియా ప్రభుత్వానికి ఐక్యరాజ్యసమితితో 2003లో ఒప్పందం, 2006లో కోర్టు మొదలు. విచారణ బెంచిలో ముగ్గురు కంబోడియా జడ్జిలు, ఇద్దరు విదేశీయులు. శిక్ష వేయాలంటే నాలుగు ఓట్లు కావాలి, అంటే కనీసం ఒక విదేశీ జడ్జి ఒప్పుకోవాలి. స్థానిక ప్రభుత్వం ఒత్తిడి పెట్టినా తీర్పు ఒకవైపే వాలిపోకుండా చేసిన ఏర్పాటు ఇది, నాకు చాలా నచ్చింది. డుచ్‌కి 2010లో 35 ఏళ్లు వేసి, సైనిక జైల్లో చట్టవిరుద్ధంగా ఉంచినందుకు కొంత తగ్గించారు. బాధితులు మండిపడ్డారు, వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ అంతటి హంతకుడి హక్కుల్ని కూడా లెక్కలోకి తీసుకున్నది కాబట్టే అది కోర్టయింది. 2012లో అప్పీల్లో యావజ్జీవం పడింది.

ఖర్చు మొత్తం 33 కోట్ల డాలర్లకు పైనే, అందులో ఎక్కువ విరాళమే. అందరికంటే ఎక్కువ ఇచ్చింది జపాన్, దాతల జాబితాలో మన దేశమూ ఉంది. ఆ డబ్బు ఆగితే ఏమైందో చూడండి. 2013 మార్చిలో జీతాల్లేక అనువాదకులు పని ఆపేస్తే విచారణ నిలిచిపోయింది. అదే నెల 14న ముద్దాయి ఇయెంగ్ సారీ తీర్పు రాకుండానే చనిపోయాడు. వృద్ధులైన ముద్దాయిల కేసుల్లో నెల జీతం ఆలస్యమైనా న్యాయానికి దెబ్బే.

డబ్బొక్కటే చాలదు కూడా. మరికొందరు ఖ్మేర్ రూజ్ అధికారుల మీది మూడో కేసు నడవనివ్వనని 2010లో ప్రధాని హున్ సేన్ ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ముఖం మీదే చెప్పాడు. తర్వాత విదేశీ దర్యాప్తు జడ్జిలు ఒకరి వెంట ఒకరు రాజీనామా చేశారు. మూడు, నాలుగు కేసులు విచారణ దాకా రానేలేదు. ఇంత చేసీ శిక్షపడింది ముగ్గురికే. 33 కోట్లు దండగ అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఒప్పుకోను, ఆ రికార్డు లేకపోతే పోల్ పాట్ కాలంలో జరిగిందంతా పొరుగు దేశం వియత్నాం కల్పన అనేవాళ్లకు ఇవాళ అడ్డుండేది కాదు. కేసుల్ని ఆపిన చెయ్యి ప్రభుత్వానిది, కోర్టుది కాదు.

మధ్యాహ్నం చోయుంగ్ ఎక్ చూశాం, ఆడియోతో 6 డాలర్లు, ఊరికి 15 కిలోమీటర్లు. దారిలో డ్రైవర్లు తుపాకీ చోటు పేరెత్తుతారు, ఎక్కేముందే గట్టిగా వద్దని చెప్పండి. భోజనానికి ఊళ్లోనే ఇండియన్ హోటల్‌కి వెళ్లాం, దోసె 4 డాలర్లు, ఫరవాలేదు. టుయోల్ స్లెంగ్‌కి మాత్రం పొద్దున్నే వెళ్లి, మనిషి గైడునే పెట్టుకుని, కోర్టు గురించి మీరే అడగండి.