జాగ్రత్త: ‘బ్రిడ్జి కొత్తగా అతికించాం’ అన్న గిటారు కొనేముందు ఏ జిగురు వాడారో అడగండి

పాలకొల్లు, నరసాపురం, రాజోలు వైపు పాత గిటారు కోసం వెతుకుతున్నవారు దయచేసి ఇది చదవండి. క్రిస్మస్ దగ్గరపడుతోంది, చర్చి పాటల బృందంలో చేరిన పిల్లలకు గిటారు కొనిపెట్టే రోజులివి. మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగకూడదు.

జూన్‌లో మా అమ్మాయి కోసం భీమవరంలో ఒక పాత అకూస్టిక్ గిటారు కొన్నాను. 9,500 రూపాయలు. ముందు పలక స్ప్రూస్ చెక్క, నాదం నిండుగా ఉంది. బ్రిడ్జి, అంటే పొట్ట మీద తీగల చివరలను పట్టి ఉంచే చెక్క, ఒకసారి లేచిందని అమ్మినాయనే చెప్పారు. “కొత్తగా అతికించామండీ, ఇక జన్మలో ఊడదు, అంత గట్టి జిగురు వేశాం” అన్నారు. ఆ మాటకు సంతోషించి డబ్బు ఇచ్చాను. వెనక్కి తిరిగి రావలసింది ఆ మాట దగ్గరే.

ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఒక అర్ధరాత్రి గదిలో కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. లైటు వేసి చూస్తే బ్రిడ్జి పలక నుంచి ఊడి తీగలకు వేలాడుతోంది. మా అమ్మాయి నేల మీద కూర్చుని, రాలిన చెక్క పేళ్ళను ఒక్కొక్కటే ఏరి అగ్గిపెట్టెలో దాచింది.

ఊడిన బ్రిడ్జిని తిప్పి చూశాను. అడుగున పసుపుపచ్చని గాజులాంటి పొర, గోరు దిగదు. దానికి అంటుకుని గిటారు వార్నీషు కూడా అద్దంలా మెరుస్తూ ఊడి వచ్చింది. అంటే అతికించేముందు వార్నీషును గీకనే లేదు. జిగురు పట్టుకున్నది పై పూతను, చెక్కను కాదు. ఒక్క మూలలో మాత్రం అది పచ్చి చెక్కకు పట్టింది. అక్కడ జిగురు వదలక పలక నారే చీలి పైకి లేచింది. అమ్మినాయనకు ఫోను చేస్తే, వడ్రంగి చేత చేయించాను, నాకేమీ తెలియదు అన్నారు. డబ్బు తిరిగి రాలేదు.

రాజమండ్రిలో వీణలు, హార్మోనియంలు, గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. అడుగు చూడగానే రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు అని పోల్చారు. తర్వాత ఆయన చెప్పింది విన్నాక గాని నాకు అసలు సంగతి అర్థం కాలేదు. శ్రుతి చేసిన ఆరు స్టీలు తీగలు కలిసి బ్రిడ్జిని లాగే బలం సుమారు 70 కిలోలు ఉంటుంది. మన ధాన్యం బస్తా 75 కిలోలు. ఇంచుమించు ఆ బరువును రాత్రింబవళ్ళు మోస్తూ, పలక వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, పొడి వాతావరణంలో కుంచించుకుపోతుంది. కాలువల మధ్య ఉన్న మన ఊళ్ళలో ఈ ఉబ్బు మరీ ఎక్కువ. కాబట్టి ఎంత మంచి గిటారుకైనా ఏదో ఒక రోజు బ్రిడ్జి విప్పి మళ్ళీ అతికించవలసి రావచ్చు. ఆ రోజు పలకను చీల్చకుండా, వేడి చూపితే వదిలే జిగురు అయి ఉండాలి.

వయొలిన్లు చేసేవారు వందల ఏళ్ళుగా పశువుల చర్మంతో చేసిన జిగురును సుమారు 60 డిగ్రీల వేడిలో కరిగించి వాడుతున్నది అందుకే. అది ఎండితే గట్టిగా పట్టుకుంటుంది, వేడి, తడి తగిలితే వదులుతుంది. ఇప్పుడు గిటారు పనివారు ఎక్కువగా వాడేది పసుపుపచ్చని చెక్క జిగురు, టైట్‌బాండ్ ఒరిజినల్ లాంటిది. మనది తేమ ప్రాంతం కదా అని అదే కంపెనీ నీటికి తట్టుకునే రకం వైపు మనసు పోతుంది. దాన్ని మళ్ళీ విప్పడం కష్టం, వద్దు. బల్లలకు, తలుపులకు వేసే తెల్ల జిగురు ఎడతెగని లాగుడుకు మెల్లగా జారుతుంది, ఎండలో నిలిపిన కారులో అయితే ఇంకా త్వరగా. సూపర్ గ్లూ క్షణాల్లో బిగిసిపోతుంది, చెక్కను సరిగ్గా కూర్చోబెట్టే వ్యవధి ఇవ్వదు, పైగా పెళుసు. ఎపాక్సీ చెక్క రంధ్రాల్లోకి దిగితే, ఆ తర్వాత ఏ చెక్క జిగురూ అక్కడ పట్టదు.

మా గిటారుకు ఎపాక్సీ వదిలించడానికే ఆయనకు రెండు రోజులు పట్టింది. బ్రిడ్జి కూర్చునే చోటంతా పచ్చి చెక్క తేలేదాకా గీకారు. ముందు జిగురు లేకుండా బిగించి చూశారు. తర్వాత పలచగా జిగురు రాసి, గుండ్రటి రంధ్రంలోంచి క్లాంపులు దూర్చి బిగించారు. అంచు చుట్టూ సన్నని పూసల్లా జిగురు సమంగా పైకి వచ్చింది. తడిగుడ్డతో తుడిచి, 24 గంటలు క్లాంపులు కదపలేదు. ఆ తర్వాత మరో రెండు రోజులు తీగలు ఎక్కించనివ్వలేదు. ఖర్చు 3,200 రూపాయలు.

కొనేముందు బ్రిడ్జి అంచు కిందికి, ముఖ్యంగా వెనక వైపు, పలచని కాగితం దూర్చి చూడండి. కాగితం దూరితే అది లేస్తున్నట్టే. అంచు చుట్టూ గాజులా మెరిసే జిగురు చారలు ఉన్నా అనుమానించండి. గిటారును కళ్ళ ఎత్తుకు లేపి పక్కనుంచి చూస్తే బ్రిడ్జి వెనక పలక ఎంత ఉబ్బిందో తెలుస్తుంది. కాస్త ఉబ్బు మామూలే, గుట్టలా ఉంటే వదిలేయండి. ఏ జిగురు వాడారో, వార్నీషు గీకారో లేదో అడగండి. జవాబు రాకపోతే మళ్ళీ చేయించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి, లేదా లేచి వచ్చేయండి.

ఇప్పటికే మీ ఇంట్లో గిటారు బ్రిడ్జి లేస్తుంటే, ఈ రాత్రే తీగలు వదులు చేయండి. ఆ సందులో ఏ జిగురూ పోయకండి. రాలిన పేళ్ళు ఎంత చిన్నవైనా పారేయకండి. మా అమ్మాయి అగ్గిపెట్టెలో దాచిన వాటిలో జిగురు అంటనివి మూడు దొరికితే, ఆ పెద్దాయన వాటిని తిరిగి వాటి చోట్లోనే కూర్చోబెట్టారు.