క్వారంటైన్ తొట్టితో మూడేళ్లు: స్పాంజిదే అసలు పని

కొత్తగా కొన్న చేపలను పెద్ద అక్వేరియంలో నేరుగా వదలకుండా, ముందు నాలుగు వారాలు విడిగా ఉంచడానికి మూడేళ్ల కిందట ఒక చిన్న తొట్టిని ఏర్పాటు చేసుకున్నాను. దాని పొడవు 18 అంగుళాలు, వెడల్పు 10, ఎత్తు 12. అంచు వదిలి నింపితే సుమారు 30 లీటర్లు పడుతుంది. స్పాంజి గుండా నీటిని లాగి వడకట్టే స్పాంజి ఫిల్టరు, దాన్ని నడిపే ఎయిర్ పంపు, 50 వాట్ల హీటరు, మూత, చేపలు దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు తప్ప ఇందులో మరేమీ లేవు. అడుగున గులకరాళ్లు లేక తొట్టి బోసిగా ఉంటుంది గాని, మిగిలిపోయిన మేత వెంటనే కంటపడుతుంది.

మొదటిసారి తప్పు నాదే. కొత్త స్పాంజి బిగించి, కొత్త నీళ్లు పోసి, అదే రోజు నాలుగు ఏంజెల్ చేపలను వదిలాను. నాలుగో రోజున అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే జబ్బనుకొని మందు వేయబోయాను. ఎందుకో అనుమానం వచ్చి పరీక్షిస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరు నీటికి సుమారు 2 మిల్లీగ్రాములు) ఉంది. చేపలు విడిచే అమ్మోనియాను నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే బాక్టీరియా కొత్త స్పాంజిలో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. పైగా మా బోరు నీటి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8కి పైనే ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా మరింత విషమవుతుంది. రెండు చేపలు చనిపోయాయి. అప్పటి నుంచి అదనపు స్పాంజి ఒకటి ఎప్పుడూ పెద్ద అక్వేరియంలోనే నడుస్తుంటుంది; కొత్త చేపలు వచ్చిన రోజున దాన్ని ఇందులోకి మారుస్తాను.

నాలుగు వారాలు ఎక్కువని నాకూ అనిపించేది. అయితే కిందటి చలికాలంలో తెచ్చిన గప్పీలు పది రోజులు చలాకీగా తిరిగి, పదకొండో రోజున తెల్లమచ్చలతో కనిపించాయి. ఈ మచ్చలు తెచ్చే పరాన్నజీవి చేప చర్మం కింద ఉన్నంతకాలం మందుకు లొంగదు, నీటిలోకి వచ్చి ఈదే దశలోనే చస్తుంది. అందుకే అది త్వరగా నీటిలోకి వచ్చేలా వేడిని నెమ్మదిగా 30 డిగ్రీలకు పెంచి, మచ్చలు పోయాక కూడా కొన్నాళ్లు మందు కొనసాగించాను. పెద్ద అక్వేరియంలోని చేపలకు ఒక్క మచ్చ కూడా రాలేదు. అంతకుముందు ఒకసారి మిథిలీన్ బ్లూ అనే నీలి మందు వాడితే అది స్పాంజిలోని బాక్టీరియాను దెబ్బతీసింది, గాజు పలకల మధ్య సిలికాన్‌కు పట్టిన నీలం నేటికీ వదలలేదు.

ఇబ్బందులు లేకపోలేదు. హీటరు మీద 26 అని పెడితే నీరు 28 దాకా వెళ్తుంది కాబట్టి విడిగా థర్మామీటరు తప్పనిసరి. కరెంటు పోతే పంపు ఆగుతుంది. బ్యాటరీ పంపు ఒకటి కొనవలసి వచ్చింది. నీటిలో మూడో వంతును రోజు విడిచి రోజు మార్చడానికి ఓపిక కావాలి, దీనికి వాడే వల, బకెట్టు వేరుగా ఉంచాలి. మందు పడిన స్పాంజిని తిరిగి పెద్ద అక్వేరియంలో పెట్టకుండా పారేస్తాను. కొత్త స్పాంజి అక్కడ ఆరు వారాలు నడిచిన తర్వాతే మళ్లీ చేపల దుకాణానికి వెళ్తాను.