ఆటో సీప్యాప్: చెన్నైలో ఏళ్ల తరబడి వాడాక

నిద్రలో ఊపిరి పదేపదే ఆగే స్లీప్ ఆప్నియాకి, మాస్క్ ద్వారా గాలిని ప్రెషర్‌తో పంపే సీప్యాప్ కొనేవాళ్లు ముందు మెషీన్ కంపెనీ గురించే అడుగుతారు. పేరున్న కంపెనీల మెషీన్ల మధ్య నిద్రలో తెలిసేంత తేడా లేదు. రాత్రి సాఫీగా గడవడం మాస్క్ మీదే ఆధారపడి ఉంటుంది.

మీసం సంగతి మాత్రం అమ్మేవాళ్లు ఎత్తరు. ముక్కుని కప్పే నేసల్ మాస్క్ కింది అంచు సరిగ్గా మీసం మీదే ఆనుతుంది, గాలి అక్కడే లీకవుతుంది. గుబురు మీసానికి ముక్కు రంధ్రాల్లో ఆనే పిల్లోస్ రకం నయం. నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్లకి ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్‌ఫేస్ మాస్క్ అవసరం కావచ్చు. పడుకునే ముందు మొహం సబ్బుతో కడగాలి, జిడ్డుంటే సిలికాన్ జారుతుంది. పట్టీలు పడుకుని, గాలి వస్తుండగా సర్దుకోవాలి. లీకవుతోందని ఇంకా బిగిస్తే కుషన్ మడతపడి లీక్ పెరుగుతుంది. కాస్త వదులు చేసి, మాస్క్‌ని ఎత్తి మళ్లీ ఆనించండి.

ఆటో మెషీన్ రెండు హద్దుల మధ్య ప్రెషర్‌ని తానే మార్చుకుంటుంది. ఫ్యాక్టరీ సెట్టింగ్ సాధారణంగా 4 నుంచి 20 (సెంటీమీటర్ల నీటి ప్రెషర్). దాన్ని అలాగే చేతిలో పెట్టే డీలర్లున్నారు. 4 దగ్గర చాలామందికి ఊపిరాడనట్టుండి, మాస్క్ పీకేస్తారు. పైగా శ్వాస తేడా పడ్డాకే మెషీన్ ప్రెషర్ పెంచుతుంది. రెండు వారాల డేటా డాక్టరుకి చూపించి కింది హద్దు పెంచాలేమో అడగండి. ఏహెచ్ఐ, అంటే గంటకి శ్వాస ఎన్నిసార్లు ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె, 5 లోపు ఉంటే మంచిదే, కానీ లీక్ ఎక్కువున్న రాత్రి ఆ అంకెని నమ్మలేం.

ఈ ఊరి ఉక్కలో, గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్ ఎందుకనిపిస్తుంది. ఏసీ వేస్తే గదిలో గాలి పొడిబారుతుంది, ముక్కు ఎండుతుంది. తేమ మరీ పెంచితే వెచ్చటి తడిగాలి చల్లటి ట్యూబులో నీరై, తెల్లవారుజామున గడగడమంటూ ముక్కులోకి చుక్కలు పడతాయి. ఏసీ 26లో, తేమ 2-3లో ఉంచి, ట్యూబుని దుప్పటి కింద నుంచి లాగండి. మెషీన్ తలకన్నా కిందే ఉండాలి. హీటెడ్ ట్యూబుకి పెట్టే అదనపు డబ్బు మాత్రం దండగ కాదు.

హ్యూమిడిఫయర్ ట్యాంకులో కేన్ నీళ్లు పోస్తే అడుగున తెల్లపొర కడుతుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి, బ్యాటరీకి అమ్మేది వద్దు. పొర కడితే ఒక వంతు తెల్ల వెనిగర్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కాసేపు నానబెట్టి కడిగితే పోతుంది. రోడ్డు పక్క ఇళ్లలో ఫిల్టర్ నెలకే నల్లబడుతుంది. పేపరు రకాన్ని కడగకూడదు, మార్చాల్సిందే.

నెల్లూరో బెజవాడో బయల్దేరేముందు ట్యాంకు ఖాళీ చేసి విడిగా సర్దండి. నీళ్లతో వంచితే మోటారులోకి దిగుతాయి.