ఏలియన్, ఫ్లవర్‌బాంబ్: మల్లె తెలిసిన ముక్కుకు ఏది మేలు?

ఓరియెంటల్ ఫ్లోరల్ వర్గపు పరిమళాల్లో ముందుగా పలకరించేది పువ్వే అయినా, ఆ పువ్వును గంటల తరబడి చర్మం మీద పట్టి ఉంచేవి అడుగున ఉండే వనిల్లా, ఆంబర్ (వెచ్చని, తీయని జిగురు వాసన), ప్యాచౌలి (ఒక ఆకు నుంచి తీసే మట్టివాసన నూనె) వంటి బరువైన ద్రవ్యాలు. తూర్పు దేశాలన్నిటినీ ఒకే మత్తు వాసనగా కుదించే ‘ఓరియెంటల్’ అన్న పేరును విడిచి, పరిశ్రమలో పలువురు ఇప్పుడు ‘ఆంబర్ ఫ్లోరల్’ అంటున్నారు. అలా మార్చడమే సబబు. ఈ వర్గపు ఆధునిక రూపాన్ని తెలుసుకోవాలంటే 2005లోనే విడుదలైన రెండింటిని, అంటే ఫ్యాషన్ సంస్థలైన మ్యూగ్లర్ వారి ఏలియన్‌నూ విక్టర్ అండ్ రోల్ఫ్ వారి ఫ్లవర్‌బాంబ్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి. పువ్వుదా, తీపిదా పెత్తనం అన్న దగ్గరే ఈ రెండూ విడిపోతాయి.

డొమినిక్ రోపియన్, లోరాన్ బ్రూయేర్ కలిసి కూర్చిన ఏలియన్‌లో ప్రధానంగా తెలిసేవి మూడే: మల్లె, కశ్మీరాన్, తెల్ల ఆంబర్. ఇంగ్లీషువారి జాస్మిన్ అన్న మాట మల్లెనూ జాజినీ కలిపేస్తుంది గాని, పరిమళాల తయారీలో అవి వేర్వేరు సరుకులు. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణం పేరు తెచ్చుకున్నది జాజితో; ఏలియన్ ఎంచుకున్నది సాంబాక్‌ను, అంటే మన మల్లెను. ఆవిరి వేడికి మల్లె వాసన చెడిపోతుంది కనుక, విచ్చుకున్న పూలను ద్రావకంలో నానబెట్టి మైనంలాంటి ముద్దను తీసి, దానిని ఆల్కహాల్‌తో కడిగి సారాన్ని రాబడతారు. తమిళనాడులో ఈ పని పెద్ద ఎత్తున జరుగుతుంది. రాత్రి బాగా పొద్దుపోయాక తలలోని దండ నుంచి వచ్చే ఆ మగ్గిన వాసనకు మూలమైన ఇండోల్, ద్రాక్షపండు ఛాయనిచ్చే మిథైల్ ఆంత్రనిలేట్ రెండూ మల్లె సారంలో ఉంటాయి. ప్రయోగశాలలో పుట్టిన కశ్మీరాన్, వెచ్చని చెక్కనూ కస్తూరినీ కలిపినట్టుండే తన వాసనతో ఆ మల్లెను కడదాకా మోస్తుంది.

ఫ్లవర్‌బాంబ్‌లో మల్లె, గులాబీ, ఫ్రీసియా, ఆర్కిడ్ అంటూ పూల జాబితా పెద్దదే గాని, విడిగా ఏ పువ్వునూ గుర్తుపట్టలేము. అర్ధగంటలో అవన్నీ వనిల్లా, ప్యాచౌలి తీపిలో కరిగిపోతాయి. పీచు మిఠాయిని తలపించే ఇథైల్ మాల్టాల్‌నూ ప్యాచౌలినీ జతచేసి ఈ దారి తెరిచింది 1992 నాటి ఏంజెల్ అన్న పరిమళం. విశేషమేమిటంటే ఏంజెల్ కూడా మ్యూగ్లర్ వారిదే: ఫ్లవర్‌బాంబ్ ఆ దారిన నడిచింది, ఏలియన్ సొంత ఇంటి దారినే విడిచింది.

చలికాలానికీ, చల్లని గదుల్లో కొలువుకూ ఫ్లవర్‌బాంబ్ హాయిగా ఉంటుంది. పక్కవారిని ఇబ్బంది పెట్టదు. ఎండాకాలంలో మాత్రం దాని తీపి గొంతుకు అడ్డం పడినట్టనిపిస్తుంది. పువ్వు కోసమే పరిమళం కొనేవారికి నేను నిస్సందేహంగా ఏలియన్‌నే చెబుతాను. అయితే దాని ఘాటు ఎక్కువ కనుక ఒక్కసారి చల్లుకుంటే చాలు. కాగితపు పట్టీ మీద కాక మణికట్టు మీద వేసుకుని, నాలుగు గంటలు ఆగి తేల్చుకోవాలి. తలలో మల్లెపూలు ఉన్న రోజున మాత్రం నేను దానిని వాడను, ఎందుకంటే అసలు పువ్వు పక్కన కశ్మీరాన్ చెక్కవాసన ఒంటరిగా బయటపడిపోతుంది.