340 డాలర్ల తోట, అందులో రైతుకి 30

2019 మార్చిలో పిల్లాడికి స్ప్రింగ్ బ్రేక్ సెలవులు ఇచ్చినప్పుడు బెలీజ్ దేశంలో దక్షిణం కొసన ఉన్న టొలెడో జిల్లాకి వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, పన్నెండేళ్ళ మా అబ్బాయి, జంగారెడ్డిగూడెం నుంచి వచ్చి ఉన్న మా నాన్న. అందమైన చోటే, మళ్ళీ వెళ్తాం కూడా. కానీ మొదటి రెండు రోజులు మమ్మల్ని, మాతోపాటు అక్కడి రైతునీ ఎలా దోచారో చెప్పకుండా ఉండలేను.

మేం బయల్దేరిన హ్యూస్టన్ నుంచి బెలీజ్‌కి విమానం రెండున్నర గంటలే. మాకు గ్రీన్‌కార్డులు, నాన్నకి అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండటంతో బెలీజ్ వీసా ఎవరూ అడగలేదు. ఫోర్ వీల్ డ్రైవ్ కారు ఐదు రోజులకి ఇన్సూరెన్సుతో కలిపి 430 అమెరికా డాలర్లు. హమ్మింగ్‌బర్డ్ హైవే, ఆ తర్వాత సదరన్ హైవే, నాలుగున్నర గంటల ప్రయాణం, రోడ్డు నున్నగా ఉంది. ఊళ్ళ మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు వస్తాయి, చీకటి పడకముందే చేరుకోండి. ఒక అమెరికా డాలరుకి రెండు బెలీజ్ డాలర్లు, ఎప్పుడూ అంతే. ఎవరు ఏ ధర చెప్పినా "ఏ డాలర్లు?" అని ముందు అడగండి.

లూబాంతూన్ అనే పాత మాయా ఊరి శిథిలాలకి దగ్గర అని చెప్పి ఒక లాడ్జి బుక్ చేశాను. పేరు రాయను. రాత్రికి 165 అమెరికా డాలర్లు అని చూపించారు. దిగాక 9 శాతం హోటల్ టాక్సు, 10 శాతం సర్వీస్ చార్జీ కలిపారు: 196 డాలర్ల 35 సెంట్లు. టాక్సు న్యాయమే, ప్రభుత్వానిది. ఆ 10 శాతం ఏ సేవకో మాత్రం అర్థం కాలేదు. ఏసీ ఉంది, కానీ రాత్రి పదింటికి జనరేటర్ ఆపేస్తారు. బుకింగ్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. నాన్న మంచం కిందనుంచి చీమలబారు దుప్పటి మీదకి ఎక్కింది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయికి చెబితే "అడవి కదా" అని సీసాలో మందు ఇచ్చి వెళ్ళిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి రాత్రి రెండింటి దాకా కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయనకి కోపం వస్తే మాట్లాడరు. మర్నాడు టిఫిన్ బిల్లు మనిషికి 14 డాలర్లు అని చూశాక అసలే మాట్లాడలేదు.

ఇంతకీ నాన్నని తీసుకెళ్ళడానికి కారణం కోకో. జంగారెడ్డిగూడెం దగ్గర మా కొబ్బరితోటలో అంతరపంటగా కోకో వేసి పదిహేనేళ్ళయింది. కాయ కోయడం, గింజ పులియబెట్టడం, ఎండబెట్టడం అన్నీ ఆయన చేతి పనులే. టొలెడోలో కెక్‌చి, మోపాన్ అనే మాయా తెగల రైతులు తరతరాలుగా కోకో పండిస్తున్నారని చదివి, లాడ్జివాళ్ళు అమ్మే "మాయా రైతు తోట, చాక్లెట్ తయారీ" టూర్ ముందే కొన్నాను. మనిషికి 85, నలుగురికి 340 అమెరికా డాలర్లు. సగం రోజు అన్నారు, భోజనం అన్నారు, లూబాంతూన్ టికెట్టు అందులోనే అన్నారు.

వ్యాన్ పదిన్నరకి శాన్ పెడ్రో కొలంబియా ఊళ్ళో దింపింది. పదకొండుంబావుకి గైడ్ "ఇక బయల్దేరదాం" అన్నాడు. రైతు కాయ కోసి చూపించాడు, పిల్లాడు తెల్ల గుజ్జు చప్పరించాడు, ఇల్లాలు నాలుగు గింజలు నూరింది, అంతే. నాన్న అప్పటికి తోటలో పది చెట్లు కూడా దాటలేదు. ఆ రైతుకి మా నాన్న వయసులో సగం ఉంటుంది. నాన్న ఒక కాయ పట్టుకుని తొడిమ దగ్గర గోటితో గీరి చూస్తుంటే ఈయన కోకో పండించే మనిషేనని అతనికి తెలిసిపోయింది. ఇద్దరూ మాట్లాడుకోవడానికి నన్ను మధ్యలో నిలబెట్టారు. గైడ్ హారన్ కొట్టిస్తున్నాడు.

వ్యాన్ ఎక్కబోతూ నాన్న అడిగారు: "అమ్మా, ఈ అబ్బాయికి వీళ్ళు ఎంతిస్తున్నారో కనుక్కో." అడగడానికి నాకు మొహమాటం వేసింది. అడిగాను. మనిషికి 15 బెలీజ్ డాలర్లు. అంటే నలుగురికి 60, అమెరికా లెక్కలో 30. మేం కట్టిన 340లో అంతే. తోట ఇతనిది, చెట్లు ఇతనివి, నూరిన చెయ్యి ఇతని భార్యది. "ఎక్కడైనా దళారే" అన్నారు నాన్న తెలుగులో. నేను అనువాదం చేయలేదు. అతను మాత్రం చిన్న కాగితం మీద ఫోన్ నంబరు రాసి నాన్న జేబులో పెట్టాడు.

భోజనం అన్నది లాడ్జి గిఫ్టు షాపు పక్కన పెట్టిన శాండ్‌విచ్. లూబాంతూన్ గేటు దగ్గర మనిషికి 10 బెలీజ్ డాలర్లు మళ్ళీ మేమే కట్టాం. టూర్‌లో ఉంది కదా అంటే "ఆఫీసులో మాట్లాడండి" అన్నాడు గైడ్. రసీదులన్నీ ఫొటోలు తీసి లాడ్జికి ఈమెయిల్ పంపాను, ఇది రాసే రోజుకి జవాబు లేదు.

లూబాంతూన్ మాత్రం ఎవరూ పాడు చేయలేని చోటు. పేరుకి అర్థం "రాళ్ళు పడిపోయిన చోటు". చుట్టుపక్కల ఊళ్ళన్నీ కిందకి కనిపించే గుట్ట మీద, రాళ్ళని చెక్కి ఒకదానికొకటి అతికినట్టు పేర్చి కట్టారు. మధ్యలో సున్నం లేదు, అడుసు లేదు. గుడి మూలలు గుండ్రంగా తిరుగుతాయి, అది ఇక్కడి ప్రత్యేకత. క్రీస్తుశకం 730 నుంచి 890 దాకా, నూట అరవై ఏళ్ళు బతికిన ఊరది. బంతాట ఆడిన మైదానాలు మూడు ఉన్నాయి. అచ్చుల్లో ఒత్తి చేసిన మట్టి బొమ్మలు ఇక్కడ బోలెడు దొరికాయి, వాటిలో చాలా వరకు ఈలలే. అక్కడి కాపలా పెద్దాయన ఒక నకలు ఈల ఊది చూపించాడు. పావురం కూసినట్టుంది. మా అబ్బాయి ఆ ఈల వదల్లేదు.

మా గైడ్ ఈ రాళ్ళ గురించి ఐదు నిమిషాలు చెప్పి, స్ఫటికపు పుర్రె కథ అరగంట చెప్పాడు. మిచెల్ హెడ్జెస్ అనే ఇంగ్లీషు సాహసికుడి పెంపుడు కూతురికి 1920ల్లో ఇక్కడ గుడి శిథిలాల కింద దొరికిందట. నిజానికి ఆ పుర్రె 1943లో లండన్‌లో సోద్బీస్ వేలానికి వచ్చింది, ఆ తర్వాతే ఆయన చేతికి చేరింది. ఇదంతా రికార్డుల్లో ఉంది. అలాంటప్పుడు నిజంగా ఈ మట్టిలోంచి తీసిన బొమ్మల్ని పక్కన పెట్టి ఆ పుర్రె గురించి పిల్లలకి చెప్పడం ఈ ఊరికి చేసే అన్యాయం. మీరు వెళ్తే గైడ్ లేకుండా వెళ్ళండి, కాపలా ఆయన్ని అడగండి, ఆయనకి పది డాలర్లు ఇవ్వండి.

శనివారం పొద్దున్నే లాడ్జి ఖాళీ చేశాం. మూడో రాత్రి డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు. ఇవ్వకపోతే పోయింది అన్నారు మా ఆయన, రెండు రోజుల్లో అదే పెద్ద మాట. దారిలో ఇండియన్ క్రీక్ దగ్గర నిమ్ లి పునిత్ అనే ఇంకో మాయా శిథిలాల చోటు చూశాం. కెక్‌చి భాషలో "పెద్ద టోపీ" అని అర్థం. అక్కడున్న చెక్కిన శిలల్లో ఒకదాని పొడవు తొమ్మిదిన్నర మీటర్లు. దాని మీద రాజు తల మీదున్నది చూసి టోపీ కాదు, తలపాగా అన్నారు నాన్న. గంటన్నర చాలు.

మధ్యాహ్నం నాన్న జేబులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాం.

రైతు ఇంటి పక్క గదిలో పడక మనిషికి 25 బెలీజ్ డాలర్లు, భోజనం పూటకి 9. తాటాకులాంటి కొహూన్ ఆకుల కప్పు, చెక్క గోడలు, శుభ్రంగా ఊడ్చిన మట్టినేల, దోమతెర. చీమ లేదు. స్నానానికి బకెట్టు. నాన్న శనివారం మాంసం తినరు, వెళ్ళేసరికి ఇల్లాలు కోడిని కోసి పులుసు పెట్టేసింది. నేను నసుగుతూ చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, పెరట్లోకి వెళ్ళి ఆకుకూర తెంపుకొచ్చింది. దాన్ని వాళ్ళు "కలలూ" అంటారు. చూస్తే తోటకూరే! ఉల్లిపాయ వేసి వేయించి, నల్ల చిక్కుడు గింజలతో, వేడి మొక్కజొన్న రొట్టెలతో పెట్టింది. మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మట్టి పెనం. మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి కడిగి రుబ్బుతారు, అందుకే ఆ రొట్టె చేతిలో విరగదు. నాన్న ఏడు తిన్నారు. మా ఆయన కోడిపులుసు రెండోసారి అడిగి వేయించుకుని, ఆ రాత్రి రైతుతో చెస్ ఆడారు.

ఆదివారం వాళ్ళు చర్చికి వెళ్ళేలోగా, పొద్దున ఆరింటికే తోటకి బయల్దేరాం. లాడ్జి మాకు చూపించిన పది చెట్ల వెనక రెండెకరాలు ఉంది! అరటి, మధ్యమధ్య నీడకి ఒక చెట్టు. దాని ఆకు తుంపి నాన్న "ఇది మన గ్లిరిసీడియా, గట్ల మీద పచ్చిరొట్టకి వేస్తాంగా" అన్నారు. స్పానిష్‌లో దాన్ని కోకో తల్లి అంటారని రైతు చెప్పాడు. ఉడతలు కొరికిన కాయలు చూసి ఇద్దరూ ఒకేసారి తల పట్టుకున్నారు, ఆ బాధ అక్కడా ఇక్కడా ఒకటే. ఒక కాయ మీద మాత్రం తెల్లటి పొడి పట్టి ఉంది. నాన్న చెయ్యి పెట్టబోతే అతను ఆపాడు. మొనీలియా అనే తెగులు. అది అమెరికా ఖండాల్లోనే ఉంది, మన దేశంలో లేదు. మందు కొట్టడు, ఆర్గానిక్ సర్టిఫికెట్టు ఉంది. వారం వారం తిరిగి తెగులు కాయల్ని కోసి, చెట్టు కిందే ఆకులు కప్పేస్తాడు. మనకి నల్లకాయ కుళ్ళు వస్తే ఏం చేస్తామో నాన్న చెప్పారు. నేను అనువదించలేక అవస్థ పడ్డాను.

పులియబెట్టే చెక్కపెట్టెల దగ్గరికి వచ్చేసరికి నా అవసరమే లేకపోయింది. నాన్న ఎండిన గింజ ఒకటి తీసి చాకుతో నిలువునా కోసి చూపించారు. లోపల ఊదారంగు మిగిలి ఉంటే ఇంకా పులియలేదని, గోధుమరంగుకి తిరిగితే సరిగ్గా వచ్చిందని అర్థం. అతనూ పక్క పెట్టెలోంచి ఒకటి తీసి కోసి, నాన్న గింజ పక్కన పెట్టాడు. అలా ఇరవై దాకా కోసి ఉంటారు.

2001 అక్టోబరులో వచ్చిన ఐరిస్ తుఫాను వాళ్ళ నాన్న వేసిన చెట్లన్నీ పడగొట్టింది, ఇప్పుడున్నవి అతను మళ్ళీ నాటినవి. బ్రిటన్‌లో 1994లో మొట్టమొదటి ఫెయిర్‌ట్రేడ్ ముద్ర (రైతుకి న్యాయమైన ధర ఇస్తామనే గుర్తు) పడిన మాయా గోల్డ్ చాక్లెట్‌కి కోకో ఈ టొలెడో రైతులదే. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో గర్వం ఉంది, ఉండాలి కూడా.

ఇంటికొచ్చాక ఇల్లాలు వేయించిన గింజలు నూరింది. వాళ్ళు నూరే రాయి మన సన్నికల్లే, మూడు కాళ్ళుంటాయి, చేతిలో పొత్రం. మిరియాలు వేసి నూరి, వేడినీళ్ళలో కలిపి, ఎండిన కాయ బుర్రలో పోసి ఇచ్చింది. పంచదార లేదు. అబ్బాయి మొహం చిట్లించాడు. నాన్న రెండో బుర్ర తాగి, కెక్‌చిలో ధన్యవాదాలు ఎలా చెప్పాలో నేర్చుకున్నారు: బాంతియోష్.

ఆ పొద్దున తోట తిప్పి చూపించినందుకు మనిషికి 25 చొప్పున 100 బెలీజ్ డాలర్లు అడిగాడు. పడక, రెండు పూటల భోజనం 172. మొత్తం 272 బెలీజ్, అంటే 136 అమెరికా డాలర్లు. లాడ్జిలో ఒక్క రాత్రి గది అద్దె కూడా కాదు. పైగా ఇదంతా ఆ ఇంటికే వెళ్ళింది.

ఆ రాత్రి జిల్లా ముఖ్యపట్టణం పుంతా గోర్దాలో పడుకుని, సోమవారం తిరుగు ప్రయాణం. వెళ్ళేముందు ఫారెస్ట్ హోమ్ ఊళ్ళో భోజనం చేశాం. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాదివాళ్ళు ఈ జిల్లాకి వచ్చి చెరకు తోటలు వేశారు. వాటిలో పనికి తెచ్చిన భారతీయ కూలీల సంతతి ఇంకా ఇక్కడుంది. వడ్డించిన ముసలావిడకి మన భాష ఒక్క ముక్క రాదు. కోడికూరని తకారీ అంటుంది, పసుపుని ఎల్లో జింజర్ అంటుంది. మనిషికి 12 బెలీజ్ డాలర్లు. నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వెళ్ళాలనుకుంటే ఫిబ్రవరి నుంచి మే మధ్యలో వెళ్ళండి, దేశంలో వర్షం ఎక్కువ పడే జిల్లా ఇది. నగదు పుంతా గోర్దాలోనే తీసుకోండి. కారు లేకపోతే సోమ, బుధ, శుక్ర, శనివారాలు సంత, ఆ రోజుల్లో మధ్యాహ్నం ఊళ్ళకి పాత స్కూలు బస్సులు కదులుతాయి. తోట టూర్ మాత్రం ఎక్కడా ముందు కొనొద్దు. సంతలో కోకో గింజలు అమ్మేవాళ్ళని అడగండి, వాళ్ళే తీసుకెళ్తారు.

వేయించిన గింజలు రెండు పౌండ్లు తెచ్చుకున్నాం, కస్టమ్స్ ఫారంలో రాశాం, ఏమీ అనలేదు. ఇంట్లో మిక్సీలో వేస్తే ఆ రుచి రాలేదు. ఊరెళ్ళగానే అమ్మ సన్నికల్లు అటక మీంచి దింపిస్తానని నాన్న సగం గింజలు తన పెట్టెలో కట్టుకున్నారు.