యుటిలాలో స్కూబా నేర్చుకోవాలనుకుంటున్నారా? జెట్టీ దగ్గర అడ్వాన్స్ ఇవ్వకండి

హోండూరాస్‌లోని యుటిలా దీవికి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. లా సెయిబాలో ఫెర్రీ ఎక్కితే గంట ప్రయాణం. దిగీ దిగగానే డైవింగ్ స్కూళ్ల వాళ్లు చుట్టుముడతారు, అచ్చం మన బస్టాండు బయట ఆటోవాళ్లలాగే. అక్కడ ఎవరి చేతిలోనూ పైసా పెట్టకండి. నేను పెట్టాను.

మిగతావాళ్లు కోర్సుకి 350 డాలర్లు అంటుంటే ఒకతను 290 అన్నాడు, పైగా నాలుగు రాత్రులు బెడ్ ఫ్రీ. యుటిలా అంటేనే చవకని పేరు కదా, అనుమానం రాలేదు. 100 అడ్వాన్స్ ఇచ్చేశాను. తీరా చూస్తే కోర్సు మెటీరియల్‌కి వేరే, రీఫ్ (పగడపు దిబ్బల) ఫీజు వేరే. అన్నీ కలిపితే పక్క స్కూలు రేటు దాటిపోయింది. ఇక ఆ ఫ్రీ బెడ్ గదిలో కిటికీకి తెర కూడా లేదు. శాండ్‌ఫ్లైలనే చిన్న ఈగలు కుట్టి తెల్లారేసరికి కాళ్లనిండా దద్దుర్లు.

డబ్బు సంగతి సరే, అసలు భయం నీళ్లలో వేసింది.

ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కోర్సులో సముద్రంలోకి దిగినప్పుడు, సహాయకులు లేకపోతే ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర 8 మందికి మించి ఉండకూడదని, స్కూబా సర్టిఫికెట్లు ఇచ్చే పాడీ సంస్థ నిబంధన. మేం పదిమందిమి, ఇన్‌స్ట్రక్టర్ ఒక్కడే. దూకే ముందు ఒకరి సామాను ఒకరు చూసుకోవడం అనేదే లేదు. సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపే నా గేజ్ 200 బార్ చూపిస్తోంది, సిలిండర్ నిండుగానే ఉందిలే అనుకున్నాను. పది మీటర్ల లోతులో గాలి పీల్చినప్పుడల్లా ముల్లు టక్కున కిందికి పడి మళ్లీ లేస్తోంది. ఎంత లాగినా గాలి చాలడం లేదు. ఇన్‌స్ట్రక్టర్ అటు తిరిగి ఎవరి కాలి ఫిన్నో (ఈతకు తొడిగే రెక్క) సర్దుతున్నాడు. వెళ్లి చెయ్యి పట్టుకుని లాగాను. నా వెనక్కి వచ్చి సిలిండర్ వాల్వ్ తిప్పాడు, అప్పుడు ఊపిరాడింది. పైకి వచ్చాక అడిగితే, "ఇప్పుడు బాగానే ఉన్నావుగా" అని నవ్వాడు.

వాల్వ్ పూర్తిగా తెరవకపోయినా, ఊరికే చూస్తే గేజ్ నిండుగానే చూపిస్తుందట. అందుకే దూకేముందు గేజ్ చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు కదిలితే ఎక్కడో తేడా ఉన్నట్టే. పది సెకన్ల పని. ఈ ముక్క నాకు చెప్పింది రెండో స్కూల్లో. అవును, అడ్వాన్స్ వదులుకుని మారిపోయాను. అక్కడ నలుగురమే ఉన్నాం, మొదటి నుంచీ మొదలుపెట్టించారు.

దీవిలో మంచి స్కూళ్లకు కొదవ లేదు. మొదటి రాత్రి ఏదో ఒక గెస్ట్‌హౌస్‌లో సామాను పడేసి, మెయిన్ రోడ్డు మీద నడుస్తూ ఒక్కో స్కూల్లోకి వెళ్లండి. నేర్పేదెవరో ఆ మనిషితోనే మాట్లాడతానని అడగండి. సిలిండర్ గాలి వాసన చూడండి, నూనె వాసనో పొగ వాసనో వస్తే గాలి నింపే ఆ కంప్రెసర్ పని అయిపోయినట్టే. ఫీజులో ఏమేం కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి.

ఇంకోటి, వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నా మొదటి స్కూలతను మాత్రం పొద్దున డైవ్, సాయంత్రం ఫ్లైట్, ఏం పర్లేదన్నాడు. అలా అనేవాడు ఎదురైతే రేటు కూడా అడక్కుండా లేచి వచ్చేయండి.