‘తుఫాను ప్యాకేజీ’ పేరుతో ఇన్వర్టరు, బ్యాటరీ కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

విశాఖపట్నంలో అక్టోబరు దగ్గర పడేసరికి కొన్ని దుకాణాలు ఇన్వర్టరు, ట్యూబులర్ బ్యాటరీ, ఎమర్జెన్సీ లైటు, పవర్ బ్యాంకు కలిపి ‘తుఫాను ప్యాకేజీ’ అని ఒకే ధరకు అమ్ముతున్నాయి. మా ఇంటికి తీసుకున్న అలాంటి ప్యాకేజీలో బ్యాటరీ అంతకుముందే వాడేసినదనీ, దానికిచ్చిన వారంటీ చెల్లదనీ, అన్నిటికంటే ముఖ్యంగా దాన్ని అమర్చిన తీరు ప్రాణాలకే ప్రమాదమనీ తేలింది. ఫిర్యాదు నడుస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు. ఈ సీజనులో కొనబోతున్నవారు డబ్బు చెల్లించేముందు ఏమేమి చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత ఈ నగరంలో చాలా ఇళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచినప్పుడు కూడా జనం చీకట్లోనే, నీటి మధ్యనే ఉండిపోయారు. అవి చూసినవారు ముందుజాగ్రత్తగా ఖర్చు పెట్టడానికి వెనుకాడరు, ఆ సంగతి అమ్మేవారికి బాగా తెలుసు. పైగా ఆపత్కాలానికి కొన్న సరుకులో లోపం మామూలు రోజుల్లో బయటపడదు. పది నిమిషాలు కరెంటు పోయినప్పుడు బలహీనపడిన బ్యాటరీ కూడా రెండు ఫ్యాన్లను తిప్పగలదు. మా ఇంట్లోనూ చిన్న చిన్న కోతలన్నిటికీ అది బాగానే పనిచేసింది. గాలివానకు లైను తెగి కరెంటు రాత్రంతా రాకపోయినప్పుడు మాత్రం టీవీ కూడా పెట్టకుండా, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లతో మూడు గంటలు కూడా నిలవలేదు.

మరొక చోటి నుంచి టెక్నీషియన్‌ను పిలిపించి ఆసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో చూపిస్తే, ఆరు సెల్లులలో రెండింటిలో అది మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంది, అంటే ఆ రెండు సెల్లులూ బలహీనపడ్డాయన్నమాట. పైనున్న కాగితపు లేబుల్ కింద తయారీ కోడ్ గీకేసి ఉంది. కంపెనీ సర్వీసు సెంటరుకు సీరియల్ నంబరు పంపితే, అది ఎప్పుడో మరొకరి పేరున నమోదైన బ్యాటరీ అని సమాధానం వచ్చింది. వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర ఉంది కానీ సీరియల్ నంబరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది. బిల్లు అని చేతిలో పెట్టినది జీఎస్టీ నంబరు లేని ‘ఎస్టిమేట్’ చీటీ. దుకాణదారు మాత్రం మేము ఛార్జింగు సరిగా పెట్టలేదని ఒకే మాట మీద ఉన్నారు.

బ్యాటరీ కొత్తదే అయినా వారు చెప్పిన లెక్క నిలిచేది కాదని కూడా ఇక్కడ చెప్పాలి. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, టీవీ, రౌటరు పన్నెండు గంటలు నడుస్తాయని అమ్మకందారు కాగితం మీద రాసి ఇచ్చారు. మామూలు సీలింగు ఫ్యాను ఒక్కొక్కటి దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది, టీవీతో కలిపి మొత్తం 270 వాట్ల దాకా అవుతుంది, అంటే పన్నెండు గంటలకు 3,240 వాట్-అవర్లు కావాలి. ప్యాకేజీలోని బ్యాటరీ సామర్థ్యం 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), దాన్ని 12 వోల్టులతో గుణిస్తే లేబుల్ ప్రకారమే వచ్చేది 1,800. అందులో బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి ఎనభై శాతం, ఇన్వర్టరులో పోయే నష్టం తీసేస్తే చివరికి చేతికందేది సుమారు 1,150 నుంచి 1,200. ఆ లోడుకు నాలుగు గంటల పైచిలుకు, టీవీ ఆపితే ఆరు గంటలకు కొంచెం తక్కువ వస్తుంది. అంతకు రెట్టింపు చెప్పేవారు తెలియక చెబుతున్నారనుకోవడం కష్టం. నన్నడిగితే, ఎక్కువసేపు కావాలనుకున్నవారు రెండో బ్యాటరీ కొనడం కంటే తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెట్టించుకోవడం మేలు. అదే బ్యాటరీ ఫ్యాన్లకు, లైట్లకు పది గంటల వరకు సరిపోతుంది.

లేబుల్ మీద 150 పక్కన సీ20 అని ఉందో సీ10 అని ఉందో కూడా చూడండి. సీ20 అంటే 7.5 ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు వాడితేనే ఆ సామర్థ్యం వస్తుందని అర్థం. ఇంట్లో మనం వాడే లోడు అంతకు రెండింతలకు పైనే ఉంటుంది కాబట్టి అసలు వచ్చేది ఇంకా తగ్గుతుంది. పది గంటల్లో వాడినా అంత సామర్థ్యం ఇచ్చేది సీ10, ఆ రేటింగుతో 150 ఉన్నదే గట్టిది. అలాగే ఇన్వర్టరు మీద ఉండే 1050 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అనేది వాట్లు కాదు, అది మోయగలిగే వాట్లు ఎన్ని అన్నది విడిగా చూడండి. అపార్టుమెంటు నీళ్ల మోటారు ఇలాంటి ఇన్వర్టరు మీద నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడే 746 వాట్లకు పైగా లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. అందుకే తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు, డ్రమ్ములు, బిందెలు నింపిపెట్టుకోవడానికి ప్రత్యామ్నాయం లేదు.

బ్యాటరీలో సీసం తగ్గించారో లేదో పట్టుకోవడానికి తూకం మంచి సాధనం. కంపెనీ కేటలాగులో ఆసిడ్‌తో సహా బరువు ఇస్తారు. దుకాణంలో తూకం వేయమంటే అభ్యంతరం చెప్పేవారి దగ్గర కొనకండి, ఎందుకంటే సీసం తగ్గితే బరువు తగ్గుతుంది. తయారీ నెల, సంవత్సరం తెలిపే కోడ్ డబ్బా మీదే అచ్చయి ఉంటుంది, దాన్ని ఎలా చదవాలో కంపెనీ కస్టమర్ కేర్‌వారు చెబుతారు. నెలల తరబడి ఛార్జింగు లేకుండా గోదాములో పడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది కనుక, ఎన్నడూ వాడకపోయినా అది పాతదాని కిందే లెక్క. వారంటీ 60 నెలలు అన్నప్పుడు అందులో ఎన్ని నెలలకు ఉచితంగా మార్చి ఇస్తారో, ఎన్ని నెలలకు కేవలం తగ్గింపు ధర ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. సీరియల్ నంబరును దుకాణంలో నిలబడే ఉండి కంపెనీ యాప్‌లోనో ఫోనులోనో మీ పేరున నమోదు చేయించుకోండి. ఆ ఒక్క పని చేయించి ఉంటే మాకు అమ్మిన బ్యాటరీ సంగతి అక్కడికక్కడే బయటపడేది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టినది అమరిక. దుకాణం పంపిన మనిషి బ్యాటరీని, ఇన్వర్టరును మెట్ల కింద నేల మీదే పెట్టి, గోడకు అడుగు ఎత్తున ఉన్న ప్లగ్గులను కూడా ఇన్వర్టరు లైనుకు కలిపారు. వరద నీరు ఇంట్లోకి వచ్చినప్పుడు మనం మెయిన్ స్విచ్ ఆపేసి నిశ్చింతగా నీళ్లలో దిగుతాము. కానీ మెయిన్ ఆగిన మరుక్షణం ఇన్వర్టరు తనంతట తాను అందుకొని, అదే లైనులోకి 230 వోల్టులు పంపుతుంది. నీటిలో మునిగిన ప్లగ్గులో అప్పుడు కూడా కరెంటు ఉంటుంది. కాబట్టి నీరు గడప దాటకముందే మెయిన్‌తో పాటు ఇన్వర్టరును కూడా ఆపాలి, ఈ విషయం ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలిసి ఉండాలి. బ్యాటరీని నడుము ఎత్తు దిమ్మ మీద, గాలి ఆడే చోట పెట్టించండి. ఛార్జింగు సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక మూసిన అల్మారాలో గానీ, దేవుడి దీపం వెలిగే గదిలో గానీ పెట్టించకండి.

ప్యాకేజీలోని పవర్ బ్యాంకు మీద 20,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో ఉంది గానీ బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు లేవు. అవి లేకుండా పవర్ బ్యాంకు అమ్మడమే నిబంధనలకు విరుద్ధం. నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ఇప్పటికే కొన్నవారు తుఫాను దాకా ఆగకుండా ఈ వారమే పరీక్షించండి. ఒక రోజంతా ఛార్జింగు పెట్టి, సాయంత్రం మెయిన్ ఆపి, ఆపత్కాలంలో వాడదలచిన లోడు మాత్రమే వేసి, ఇన్వర్టరు తనంతట తాను ఆగేవరకు ఎంతసేపు వచ్చిందో రాసుకోండి, వెంటనే మళ్లీ పూర్తిగా ఛార్జింగు పెట్టండి. సమయం బాగా తక్కువ వస్తే దుకాణానికి ఫోనులో కాక రాతపూర్వకంగా తెలియజేయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చెల్లించిన ధర ఐదు లక్షల వరకు ఉంటే రుసుము లేకుండానే ఫిర్యాదు వేయవచ్చు, అందుకు రెండేళ్ల గడువు ఉంది. ‘మార్చి ఇస్తాం, ముందు పాతది పంపండి’ అని దుకాణంవారు మనిషిని పంపితే, లేబుల్, సీరియల్ నంబరు, గీతలు పడిన కోడ్ స్పష్టంగా కనిపించేలా ఫొటోలు తీసుకొని, నంబరు రాసి సంతకం చేసిన రశీదు చేతికి వచ్చిన తరువాతే బ్యాటరీని గుమ్మం దాటనివ్వండి.